మీ మరిది వంకర నవ్వు

అక్కా, కోడి కెలికినట్టున్న నా రాతనీ తప్పులనీ మన్నించు. కంగారుపడకు, బాగానే ఉన్నాం.

మీ మరిదికి కుడి చెవి కింద రేగ్గాయంత గడ్డ ఉండేది. నొప్పి లేదని ఏళ్లుగా పట్టించుకోలేదు. మొన్న ఆయన కుట్టుమిషను మీద వంగి కుడుతుంటే అది ఉసిరికాయంత కనిపించింది, డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఉమ్మి ఊరే గ్రంథిలో కంతి అంది. కళ్లు గట్టిగా మూయించి, బుగ్గలు పూరింపజేసి, నవ్వమంది. మూతి ఎడమకి పోయింది.

"ఈ వంకర కొత్తదా? కొత్తదైతే గడ్డ నరాన్ని పట్టిందేమో!"

"అద్దంలో నవ్వుకోనండీ, నాకేం తెలుసు?" అన్నారు ఈయన.

నేను తల వంచుకునే, "పెళ్లినాడూ అలాగే నవ్వారండీ. రోజూ అంతే" అన్నాను.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఇవి చాలావరకు ప్రమాదం లేనివేనట, అయినా సూది పరీక్ష చేసి తీసేయాలట. పాత ఫోటో చూపించమంది. పెళ్లిలో నీ వేళాకోళానికి ఆయన నవ్విన ఫోటో వెంటనే పంపు. ఆపరేషన్‌కి నువ్వుంటే నాకు కొండంత ధైర్యం. చిన్నదానికి దగ్గు తగ్గిందా? నాన్నకి అప్పుడే చెప్పకు. బావగారికి నమస్కారాలు.

"తలెత్తి చూడవు కదా, నా నవ్వు ఎప్పుడు చూశావే?" అని దారంతా ఏడిపించారు. కార్డు కదా, పోస్టాయన ఎలాగూ చదివే ఉంటాడు, నువ్వైనా చదవగానే కాల్చెయ్యి.

నీ చెల్లి