తులసికోట కింది మూత

మాణిక్యం,

పవర్ హౌస్ బజారు నుంచి రాగానే ఇది చదువు. నేను సెకండ్ షిఫ్టుకి వెళ్తున్నాను. లెట్రిన్‌లో నీళ్లు పొయ్యకు, మళ్లీ పైకి తన్నుతున్నాయి. సెప్టిక్ ట్యాంకు తోడేవాళ్లు సాయంత్రం వస్తారు. మూత మన తులసికోట కిందే ఉంది కదా. "ముందు తులసీమాతను హటాయించండి భయ్యా, అక్కణ్ణుంచి తీసేస్తేనే చెయ్యి పెడతాం" అన్నారు. కోటను పగలగొట్టనివ్వు. మొక్కను వేళ్లతో సహా పెకలించి బకెట్లో పెట్టు. బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

అడుగున కాస్త బురద వదిలెయ్యమను. కొత్త మురికిని కుళ్లబెట్టేది అదేనట. ఇకమీదట యాసిడ్ పొయ్యకు, ఆ బురద చచ్చిపోతుంది. సెక్టర్ 2 కంపెనీ క్వార్టర్లో అయితే అంతా డ్రైనేజీలో పోయేది, కుమ్హారిలోని ఈ ఇంట్లో మనం పోసిందంతా మన కిందే ఉంటుంది.

మే నెల ఎండల్లో అమ్మ ఆ మొక్కను చూసి, "ఏటిరా, నీల్లెయ్యకపోయినా ఎంత పచ్చగుందో సూడు! అంతా తల్లి దయ" అనేది. నిన్న కోట అడుగున ఇటుక తీసి చూశాను. వేళ్లు మూత సందులోంచి ట్యాంకులోకి దిగి ఉన్నాయి. మరి ఇన్నేళ్లూ అమ్మ దండం పెట్టింది దేనికి? పైనున్న స్వామికి తెలియదా? తెలిసే ఊరుకున్నాడా?

మూత తీశాక ఎవరినీ తొంగిచూడనివ్వకు. లోపల గ్యాసు ఉంటుంది, మంట తగిలితే అంటుకుంటుంది.

పైడిరాజు

మరిచాను. ఈ సాయంత్రం అక్కడ దీపం పెట్టకు. ఏ రోజూ మానొద్దని అమ్మ పోయేముందు నీ చేత ఒట్టు వేయించుకుంది, నాకు గుర్తుంది. అయినా పెట్టకు.