అత్తయ్య అడిగిన ప్రశ్న

పటమట,
12-1-1974

కృపానందం అన్నయ్యకు, ప్రభువు పేరిట నీ చెల్లెలి వందనాలు.

నువ్వు పాస్టరు చదువు చదువుతున్నావు కాబట్టి రాస్తున్నాను. క్రిస్మస్ ముందు ప్రార్థన కూటంలో, యేసు బాలుడిగా జ్ఞానంలో ఎదిగాడని చదివారు. మా అత్తయ్య లేచి, "దేవుడి కుమారుడు కూడా నేర్చుకోవాల్సొచ్చిందాండీ?" అని అడిగారు. సంఘపెద్ద, "అలా అడగడం అవిశ్వాసం" అని కసిరారు. ఆ రోజు నుంచి ఆవిడ చర్చికి రావడం మానేశారు. పండక్కి కూడా రాలేదు.

చివరికి నేనే, "నాకూ తెలీదత్తయ్యా, ఇద్దరం వెతుకుదామా?" అన్నాను. ఇప్పుడు రోజూ వంటయ్యాక నేను సువార్త చదువుతుంటే, ఆవిడ మాటమాటకీ ఆపి, "ఎందుకంటావమ్మాయ్?" అంటున్నారు. మొన్న ఆదివారం నాకంటే ముందే చర్చికి తయారయ్యారు.

జవాబు రాయమని అడగబోతుంటే పక్కనుంచి, "అప్పుడే చెప్పొద్దని రాయమ్మాయ్, మనమింకా చదువుతున్నాంగా!" అంటున్నారు. అందుకని ఈస్టరుకి వచ్చినప్పుడే చెప్పు.

నీ చెల్లి