నేను మాయం చేసిన ప్రకటన

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ అమ్మా, నువ్వూ, పిల్లలూ, ముఖ్యంగా బావ నడుమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. జవాబు ఆలస్యం చేసింది పని ఎక్కువై కాదు. ఎందుకో చివర్లో రాస్తాను. వేళకు తింటున్నాను. గది బాగానే ఉంది. కిటికీ తలుపు మాత్రం నన్ను అడక్కుండానే తెరుచుకుంటుంది.

"ఇంతకీ ఆ ఆఫీసులో నువ్వు చేసేదేమిటే?" అని అడిగావు. వెబ్ పేజీలో ఏ అక్షరం ఎంత ఉండాలి, ఏ పెట్టె ఎక్కడ కూర్చోవాలి, ఏది కనిపించాలి, ఏది కనిపించకూడదు అని కంప్యూటరుకు రాసి చెప్పడం. దాన్ని సీఎస్ఎస్ అంటారు. పేజీలో ఒక్కో భాగానికి ఒక పేరు పెట్టి, ఆ పేరు మీద ఆజ్ఞ రాస్తాం. అదే పేరు పది చోట్ల ఉంటే ఆజ్ఞ పది చోట్లా చెల్లుతుంది. మందుల గదిలో సీసాలకు చీటీలు అంటించే నీకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

అర్థం కానిది నాకే. గబగబా ముగించి శభాష్ అనిపించుకోవాలన్న ఆరాటం. బాక్స్ వన్, బాక్స్ టూ, కొత్త బాక్స్, అసలైన కొత్త బాక్స్ అని నోటికొచ్చిన పేర్లు పెట్టాను. ఏదైనా మాట వినకపోతే పక్కన 'ఇంపార్టెంట్' అని తగిలించేదాన్ని. అలా రాస్తే మిగతా ఆజ్ఞలు దాని ముందు నోరు మూసుకుంటాయి. పక్క సీటు మేడమ్ నాకు అన్నీ నేర్పిన మనిషి. "పేరు చూడగానే అదేం చేస్తుందో తెలియాలమ్మా. లేకపోతే రేపు నీ రాత నీకే అర్థం కాదు," అని ఎన్నోసార్లు చెప్పింది. తల ఊపాను. అంతే.

మా ఆఫీసు ఒక ఆసుపత్రి వెబ్‌సైటు చూసుకుంటుంది. గత నెల వాళ్లు మొదటి పేజీలో పాత ప్రకటన ఒకటి తీసేయమన్నారు. అది బాక్స్ టూ. 'బాక్స్ టూ కనిపించకూడదు, ఇంపార్టెంట్' అని ఒక్క వరుస రాసి టీ తాగడానికి వెళ్లిపోయాను. అపాయింట్‌మెంట్ల పేజీలో ఇంకో బాక్స్ టూ ఉందని గుర్తు లేదు. ఊపిరితిత్తుల విభాగం పక్క భవనం కింది అంతస్తులోకి మారిందనీ, పాత భవనంలో లిఫ్టు పనిచేయదనీ చెప్పే ప్రకటన అది. దాన్నీ నేనే మాయం చేశాను.

నాలుగు రోజులు ఎవరూ గమనించలేదు. అయిదో రోజు ఆయాసంతో బాధపడే ఒక పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, పాత చిరునామా మాత్రమే మిగిలిన ఆ పేజీ చూసుకుని కూతురితో పాత భవనానికి వెళ్లాడు. మూడంతస్తులు మెట్లెక్కి, తాళం వేసిన తలుపు ముందు కూలిపోయాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడక్కా. ముందే రాసి ఉండాల్సింది, నీకు గుండె ఆగినంత పనై ఉంటుంది.

సంగతి తెలిసి మా యజమాని వచ్చి, ఆ ఆసుపత్రి సైటు పని ఎవరు చూసుకుంటున్నారని అడిగాడు. మేడమ్ లేచి, బాధ్యత తనదేనంది. నేను స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆ పని ఆవిడ దగ్గరనుంచి తీసి, చురుకైన పిల్లనని చెప్పి నాకే అప్పగించాడు. నేను థాంక్యూ అన్నాను.

పక్క సీటు ఆవిడ ఇంకా నేర్పుతోందా అని అడిగావు కదా. ఆ ప్రశ్నకు జవాబు రాయలేకే ఇన్నాళ్లూ ఉత్తరం వేయలేదు.

మూడు వారాలు ఆ ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిచోట్లా వాడేవి పైన, ఒక్కో పేజీవి కింద వేరువేరుగా సర్దాను. ప్రతి భాగానికీ దాని పనిని బట్టి పేరు మార్చాను. ఒక్కో ఇంపార్టెంట్ పీకినప్పుడల్లా మరెక్కడో ఏదో విరిగేది. అతికించుకుంటూ పోయాను. ఫైలు శుభ్రపడింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

నిన్న యజమాని దగ్గరకెళ్లి చెప్పేశాను. ఆయన ఆ పని మేడమ్‌కు తిరిగి ఇచ్చి, నన్ను వేరే పనిలో వేశాడు. నేను మేడమ్ దగ్గరకెళ్లి తప్పు నాదని చెప్పాను.

"తెలుసు," అంది. "ఏ వరుస ఎవరు మార్చారో పేరుతో సహా ఆ ఫైలు చరిత్రలో నమోదై ఉంటుంది. ఆ రోజే చూశాను."

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెబుతావనుకున్నాను. మర్నాడు కూడా అనుకున్నాను. వారం దాటాక అనుకోవడం మానేశాను."

అని తన పనిలో పడిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం ఆ పెద్దాయన ఇంటికి వెళ్తున్నాను. ఏమంటాడో తెలియదు. అమ్మకు చెప్పవద్దని రాయబోయి ఆగాను. ఈ ఉత్తరం అమ్మకు కూడా చదివి వినిపించు.

ఇట్లు,
మీ ముందు తలెత్తుకోలేని
నీ చెల్లెలు