బొట్టు పెట్టని లేత్

అన్నా,

నువ్వు పోయాక ఇదే మొదటి ఆయుధపూజ. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా నీకు తప్ప ఇంకెవరికి చెప్పను?

"యేసు పిలిచినాడు నాయనా, పోతా" అని మన పంపుల వర్క్‌షాపు వదిలి, పెరియకుళంలో పాస్టరుగా చేరడానికి నువ్వు బస్సెక్కిన రోజే నాయన నీతో మాటలు మానేశాడు. ఆయన కోపం అంతకు ముందటేడే మొదలైంది. మిషన్లకు బొట్లు పెట్టే వేళ నువ్వు చేతులు కట్టుకుని నిలబడితే, నీ లేత్‌కు తనే కుంకుమ పూసి, "ఇది మనకు కూడు పెట్టే సామిరా" అని పనివాళ్లందరి ముందూ అరిచాడు. నిన్ను సమాధి చేసిన రోజు కూడా సమాధుల తోట గేటు దాటి లోపలికి రాలేదు.

ఈ రోజు పొద్దున నేను వెళ్లేసరికి నాయన తన తుండుతో నీ లేత్ తుడుస్తున్నాడు. పనివాళ్లను ముట్టుకోనివ్వలేదట. పూజవేళ నేను గంధం గిన్నె పట్టుకుని ఒక్కో మిషన్‌కూ బొట్టు పెడుతూ దాని దగ్గరికి వచ్చాను. నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వేండాం కణ్ణూ, దానికి వద్దు" అన్నాడు. "అది వాని మిషిను. వానికి ఇష్టం లేదు గదా."