చిల్లి పూడ్చిన గిన్నె

లోరెటా అక్కా, ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు.

మింబ్రెస్ ఏటి గట్టున మన పూర్వీకుల ఇళ్ళు తవ్వుతున్నాం. నిన్న ఒక గది నేల కింద పసిబిడ్డ ఎముకలు బయటపడ్డాయి. ముఖం మీద గిన్నె బోర్లించి ఉంది. చనిపోయిన బిడ్డ ప్రాణం పైలోకానికి వెళ్ళిపోవడానికి ఆనాటి పెద్దవాళ్ళు గిన్నె అడుగున పొడిచిన చిల్లి అలాగే ఉంది. మ్యూజియం కోసం ఇదంతా తవ్విస్తున్న దొర నా చేతికి సున్నం ముద్ద ఇచ్చి పూడ్చమన్నాడు.

"అది బిడ్డ వెళ్ళే దారి దొరా" అన్నాను.

"చిల్లి గిన్నెని అద్దాల బీరువాలో పెడితే ఎవడు చూస్తాడోయ్?" అని నవ్వాడు.

పూడ్చాను. ఎంత కడిగినా చేతుల తెలుపు పోవడం లేదు.

తెచ్చుకున్న మొక్కజొన్న పిండి అంతా ఎముకలు దొరికిన గుంటల్లోనే, పోయినవాళ్ళకి నైవేద్యంగా చల్లేశాను, ఇంకాస్త పంపు. గొర్రెలు ఈనాయా? పెరటి పొయ్యి పగులుకు మట్టి మెత్తారా? పిల్లలకు ముద్దులు. అమ్మ అడిగితే, ఇక్కడ ఉత్త కుండలే దొరుకుతున్నాయని చెప్పు.

నీ తమ్ముడు
మార్సెలో