పచ్చి నూనె, పచ్చ నూనె

ప్రియమైన వంటశాల మహారాణికి,

నువ్వు వెళ్ళి నెల తిరగలేదు, అప్పుడే నీ అవసరం పడింది. కంగారు పడకుండా చివరిదాకా చదువు. అమ్మకి మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. రక్తంలో కొవ్వు బాగా పెరిగింది, గుండెకి వెళ్ళే నాళం ఒకటి కాస్త సన్నబడింది అన్నారు. ఆపరేషన్ ఇప్పుడే వద్దట. మందులు వాడి, తిండి మార్చి, కొన్నాళ్ళు చూద్దామన్నారు. "ఇంట్లో ఏ నూనె వాడతారు?" అని అడిగారు. నేను సీసా రంగు చెప్పాను. ఆయన నవ్వలేదు.

మా ఇంటి తిండి నీకు తెలియనిది కాదు. వెన్నలో వేయించిన గుడ్డు, నూనెలో తేలిన బంగాళాదుంప ముక్కలు, అవి లేని పూట పూటే కాదు. ఇప్పుడు ఉడకబెట్టినవి ముందు పెడితే అమ్మకి ముద్ద దిగడం లేదు. పైకి నవ్వుతోంది గానీ లోపల బాగా భయపడుతోంది. ఎవరూ చూడనప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకుంటోంది.

ఇది చదివి పెట్టె సర్దావంటే ఊరుకోను. అంత పెద్ద ఆసుపత్రి వంటగదికి నిన్ను పెద్దని చేశారు. పనితీరు చూసే ఈ ఆర్నెల్లూ గడవకముందే వదిలేస్తే ఆ కుర్చీ మళ్ళీ రాదు. "మా ఆవిడ చేతికింద గదినిండా వంటవాళ్ళు" అని సెలూన్‌కి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను. ఆ గొప్పలో పడి ఒకాయన మీసం ఒక పక్క ఎగరగొట్టేశాను కూడా. నువ్వు ఏం చెయ్యాలో రాయి, నేను వండుతాను. ఫోన్ వద్దు. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో ఫోన్ అంటే ఎవరి చెవో తెగుతుంది.

నీ
కత్తెర

*

ప్రియమైన కత్తెరగారికి,

పెట్టె తీశాను. మీ ఉత్తరం ఇంకోసారి చదివి మళ్ళీ మంచం కిందకి తోశాను. ఫోన్ నాకూ వద్దులెండి, ఫోన్‌లో మీ నోటినుంచి "బాగున్నాం" తప్ప ఇంకో మాట ఊడిపడదు.

ముందు పొయ్యి వెనకాల దాచిన పాత నూనె గిన్నె తియ్యండి. నేనుండగానే రెండుసార్లు పారబోశాను, మళ్ళీ పెట్టే ఉంటారు. ఒకసారి బాగా కాగిన నూనెని మళ్ళీ మళ్ళీ కాస్తే అది మంచిది కాదు. వెన్న, పామాయిల్, గది చల్లబడగానే గడ్డకట్టే రకాలన్నీ బాగా తగ్గించండి. వేయించడానికి వేరుశనగ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ తెచ్చుకోండి. సీసా ఎత్తి వంపకుండా చెంచాతో కొలిచి వెయ్యండి. పొగ లేచేదాకా కాచకండి. మంచి నూనె కదా అని ఎక్కువ పోస్తే అదీ కొవ్వే.

ముద్ద దిగకపోవడానికి కారణం నూనె తగ్గడం కాదు, రుచి తగ్గడం. కీరా, టమాటా, క్యారెట్, లేత ఆకులు తరిగి, మీద ఒక చెంచా పచ్చి నూనె చల్లి, నిమ్మకాయ పిండి, కాస్త మిరియాల పొడి వేసి కలపండి. మా ఆసుపత్రిలో నోరు చచ్చిపోయిన రోగులు కూడా గిన్నె ఖాళీ చేస్తున్నారు.

మీరు వండుతానన్నారు చూడండి, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. టీ కాచమంటే పాలు పొంగించే మనిషి ఈ మాట రాశాడంటే నాకెంత ముద్దొచ్చిందో.

మీ
ఇంటావిడ

*

ప్రియమైన మహారాణికి,

నీ చేతిరాతకి ఒక దండం. నీ అక్షరాల మీద గుడి ఉందో లేదో దేవుడికే తెలియాలి. నువ్వు రాసిన "పచ్చి నూనె" నాకు "పచ్చ నూనె"గా కనబడింది. కొట్టుకి వెళ్ళి పచ్చ నూనె కావాలన్నాను. కొట్టాయన నా వాలకం చూసి, "మీ షాపుకేగా?" అని లోపల్నుంచి సీసా తెచ్చిచ్చాడు. మూతికి బిరడా, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. ఆసుపత్రి వంటకి ఇంత అందమైన నూనె వాడతారా అని నీ మీద గౌరవం పెరిగిపోయింది.

కీరా ముక్కల మీద చల్లి, కలిపి, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. నా సెలూన్ మొత్తం నోట్లోకి వచ్చినట్టయింది. అది జుట్టు నూనె! అమ్మ సీసా లాక్కుని వాసన చూసి, "ఒరేయ్, ఇది ఆకుల మీదకా, తల మీదకా?" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఈ ఇంట్లో అంత నవ్వు విని చాలా రోజులైంది.

మర్నాడు నీ ఉత్తరం కిటికీ దగ్గర పెట్టుకుని మళ్ళీ చదివితే ఆ గుడి కనబడింది. కాగబెట్టని నూనె అని అప్పుడు వెలిగింది. నువ్వుల నూనెతో మళ్ళీ కలిపాను. చాలా బాగుంది! అమ్మ క్యారెట్ ముక్కలు కరకరా నమిలేసి, గిన్నె నాకి, ఇంకా ఉందా అని అడిగింది. నీకు ఇవన్నీ ఎలా తెలుసు? పదిహేనేళ్ళు నీ చేతి వంట తింటూ, నీ బుర్ర లోపల ఏముందో ఒక్కసారీ అడగలేదు నేను.

నీ
కత్తెర

*

ప్రియమైన కత్తెరగారికి,

మీ ఉత్తరం మా వంటవాళ్ళకి చదివి వినిపించాను. ఒకాయన గరిటె వదిలేసి నేలమీద కూర్చుండిపోయాడు. అయినా మీది పూర్తిగా తప్పేం కాదు, ఆలివ్ నూనె కూడా ఒక పాటి పచ్చగానే ఉంటుంది. సలాడ్‌కి అది భేషుగ్గా ఉంటుంది, ఈసారి చిన్న సీసా తెచ్చి చూడండి. అవిసె గింజల నూనె దొరికితే పొయ్యి దగ్గరికి పోనివ్వకండి, అది వేడికి తట్టుకోదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగానే వాడండి. ఏ నూనైనా వెలుతురు తగలని చోట ఉంచి, వాసన మారితే మొహమాటపడకుండా పారబొయ్యండి.

అత్తయ్య క్యారెట్ కరకరా నమిలారని రాశారు. ఆవిడకి పళ్ళెప్పుడొచ్చాయి? సరే, సంతోషం.

అత్తయ్యకి నా మాటగా ఇంకో రెండు సంగతులు చెప్పండి. పొద్దస్తమానం నిలబడి పని చెయ్యొద్దనండి. మధ్యాహ్నం షాపు మూసి కాసేపు నడుం వాల్చమనండి. షాపు వెనక గోడ చాటుకి వెళ్ళి సిగరెట్లు కాల్చడం అత్తయ్య ఈ క్షణం నుంచీ మానెయ్యాలి. ఆవిడకి కోపం వచ్చినా సరే, గట్టిగా చెప్పండి.

మీ
ఇంటావిడ

*

ప్రియమైన మహారాణికి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అమ్మ సిగరెట్లు మానేసింది. చాలా కష్టమైంది పాపం ఆవిడకి. చేతులు ఊరుకోక దువ్వెనలన్నీ కడిగి కడిగి పెడుతోంది. మధ్యాహ్నం షాపు మూసి పడుకుంటోంది. సాయంత్రం నడక మొదలుపెట్టింది. ఇప్పుడు చేపని కూడా చెంచాడు నూనెతో మూతపెట్టి మగ్గించడం వచ్చు ఆవిడకి. సలాడ్‌లో ఆలివ్ నూనె వేసిన రోజు, ఇంతకాలం వెన్న వెనకాల ఎందుకు పడ్డానా అనుకుంది.

నిన్న డాక్టర్ రక్తపరీక్ష చూశారు. కొవ్వు బాగా దిగింది. ఆపరేషన్ మాట ఎత్తలేదు. "ఎవరు వండుతున్నారు?" అని అడిగారు. అమ్మ ఛాతీ విరుచుకుని, "మా ఆవిడ చెబుతుంది, నేను వండుతాను" అంది.

నీ
కత్తెర

*

ప్రియమైన మీకు,

ఇవాళ నా ఉద్యోగం ఖాయం చేశారు. కాగితం చేతికిచ్చి అందరూ చప్పట్లు కొట్టారు. నేను సరుకుల గదిలోకి వెళ్ళి నూనె డబ్బాల మధ్య నిలబడి ఏడ్చాను.

మీ క్యారెట్ ఉత్తరం వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు బుకాయించి, తర్వాత ఒప్పేసుకున్నారు. "నా పేరు వాడుకోమని నేనే అన్నానే అమ్మాయ్. జబ్బు తనకని తెలిస్తే నువ్వు పరిగెత్తుకొచ్చేస్తావని వాడి భయం" అన్నారు. మీ డాక్టర్ నంబరు ఇచ్చారు. ఆయనతో మాట్లాడాను. ప్రాణభయం లేదు, కానీ తిండి మారాల్సిందే అన్నారు. అయినా టికెట్ కొన్నాను. అత్తయ్యే ఆపారు. "వాడు వండుతున్నాడే. పొద్దున్నే లేచి ఆకులు కడుగుతున్నాడు. నువ్వొచ్చావంటే గరిటె నీ చేతిలో పెట్టి మళ్ళీ కుర్చీలో కూలబడతాడు. రాకు" అన్నారు. కడుపున పుట్టినవాడి విషయంలో అంత నిబ్బరంగా ఉండగలిగిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని, అమ్మ అన్న ప్రతిచోటా మీరని చదువుకున్నాను. లోపల బాగా భయపడుతోంది అన్న చోట ఇక ముందుకి పోలేకపోయాను. మీకు భయం వేస్తే నాకు కాక ఎవరికి చెప్పుకుంటారండీ? చాలా కోపం వచ్చింది. ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ కోపంలోనే, ఒక మనిషి యాభై ఏళ్ళు దాటాక నాలుకని మార్చుకుని, పొగ మానేసి, పెళ్ళాం కుర్చీ కదలకూడదని రోగాన్ని తల్లి పేరు మీద వేసి నవ్వించాడే అనుకుంటే గర్వంగా కూడా ఉంది. ఇక్కడ రోజూ ఎంతోమందికి పథ్యం చెబుతాను. మీలా పాటించినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆదివారం సెలవు మీద వస్తున్నాను. వంటగదిలోకి అడుగు పెట్టను, మీరు వండింది కూర్చుని తింటాను. సోమవారం మిమ్మల్ని వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తాను, ఎలా ఉందని ఆయన అడిగితే మీ నోటితో మీరే చెప్పాలి. ఇంకెప్పుడూ నా దగ్గర దాచకండి. చెబితే ఉద్యోగం వదిలేస్తానని కదా మీ భయం? వదలను. మిమ్మల్నీ వదలను.

మీ
నేను