టీ ఇవ్వని ఇల్లు

బెన్‌ట్రే, దక్షిణ వియత్నాం,
ఎండాకాలం చివర.

అమ్మకి,

నీ కూతురు ఖ్వే నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా జట్టువాళ్ళూ కులాసా. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, నీ నూడుల్స్ కొట్టూ కులాసా అని తలుస్తాను. ఫోన్లో నా మాట సగమే వినపడుతోందని విసుక్కున్నావుగా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

తిండి సంగతి అడిగావు. ఈ దక్షిణాదివాళ్ళు చేపల కూరలో కూడా పంచదార వేస్తారని మొదట్లో ఏడ్చాను. ఇప్పుడు వేయకపోతే చప్పగా ఉంటోంది. నవ్వితే నవ్వు. "అంత చదువు చదివింది ఆడవాళ్ళ చేతులకి బీపీ పట్టీ చుట్టడానికా?" అని కూడా అడిగావు. అవునమ్మా, అందుకే. సముద్రం ఏటికేడు పైకొస్తోంది. ఎండాకాలంలో ఉప్పు నది వెంట ఎగబాకి బావుల్లోకి దిగుతోంది. ఆ నీళ్ళు తాగే గర్భిణులకు బీపీ పెరుగుతోందా, వాన నీళ్ళు తాగితే తగ్గుతుందా అని చూడటమే నా పరిశోధన. ఇంటింటికీ పెద్ద కాగులు ఇప్పించి, వానల్లో నింపించి, కడుపుతో ఉన్నవాళ్ళు అవే తాగాలని చెప్పాం.

మేం ఎప్పుడో గాని పడవెక్కి వెళ్ళని దూరపు ఇళ్ళలో బీపీ కొంత తగ్గింది. వారం వారం వెళ్ళే ఇళ్ళలోనే తగ్గలేదు. అందరికంటే దియెమ్ అనే అమ్మాయి గురించే నాకు బెంగ. నెలలు నిండుతున్నాయి, పాదాలు వాచాయి. బీపీ ఇంకొంచెం పెరిగితే తల్లికీ బిడ్డకీ ముప్పే. ఆసుపత్రిలో మందు మార్చినా లాభం లేకపోయింది. నేను తప్పంతా వాళ్ళు రోజూ తినే ఉప్పటి చేపల సాసు మీదికి తోశాను. దియెమ్ అత్త నమ్ అవ్వ ఊరుకుంటుందా?

"మా అమ్మా తిన్నది, అమ్మమ్మా తిన్నది. తిక్క నీ మిషనుకి గాని నా సాసుకి కాదు," అంది.

ఓ రోజు చేతులు కడుక్కుందామని వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. దియెమ్ బావి నీళ్ళు ముంచుకుని తాగుతోంది. వాన నీటి కాగు మూత తాడేసి కట్టి ఉంది.

"ఇవెందుకు తాగుతున్నావే తల్లీ? అవి ఉన్నాయిగా."

"అవి మీ టీకి అక్కా," అంది మామూలుగా. "మీరు వారం వారం వస్తారు కదా. ఉప్పునీళ్ళ టీ మీకెలా ఇస్తాం?"

వాళ్ళ మందు మేమే తాగేశామమ్మా. జట్టంతా కూర్చుని, "నీ టీ భలే ఉంటుంది అవ్వా" అని మెచ్చుకుంటూ మరీ.

ఇక టీ వద్దన్నాను. నమ్ అవ్వ మొహం ముడుచుకుంది.

"గడప లోపలికొచ్చి టీ ముట్టకుండా పోతే ఊళ్ళో నా పరువేం గాను? చుట్టాలకి వాన నీళ్ళు, ఇంట్లోవాళ్ళకి ఏవైనా సరే."

"నేను చుట్టాన్ని కాకపోతే?" అన్నాను, ఏదో నోటికొచ్చి.

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. చెయ్యి పట్టుకుని పూర్వీకుల పీఠం ముందుకు లాక్కెళ్ళి, అగరొత్తులు వెలిగించి ఇచ్చింది.

నీకు చెప్పడానికి ఇన్నాళ్ళూ జంకింది ఇదే. కోప్పడకు. నిన్ను అడగకుండా ఇంకో అమ్మని చేసుకున్నాను. వాళ్ళ పెద్దలకు మొక్కి నమ్ అవ్వకి పెంపుడు కూతురినయ్యాను. ఇది ఆటగా చేసే పని కాదు. ఏటా కొత్త సంవత్సరం టెట్ పండక్కి రావాలి, ఆమె పోయిననాడు కన్నబిడ్డలాగే తలకి తెల్లగుడ్డ కట్టాలి. నువ్వు నొచ్చుకుంటావేమోనని ఫోన్లో నోటిదాకా వచ్చినా మింగేశాను.

మొక్కడం అయ్యాక అవ్వ కాగు తాడు విప్పి దియెమ్‌కి వాన నీళ్ళు ఇచ్చింది. నా ముందు బావి నీళ్ళు పెట్టింది.

"తాగు. ఇంటి పిల్లవి, నీకు మర్యాదలేంటి?"

ఇన్నాళ్ళూ ఈ నీళ్ళలో ఉప్పు కొలిచాను గాని నాలుక మీద వేసుకున్నది లేదు. గొంతు దిగలేదమ్మా. అయినా గ్లాసు ఖాళీ చేశాను.

ఆ మాట ఊరంతా పాకింది. మా జట్టువాళ్ళందర్నీ తలా ఒకరు పెంచుకున్నారు. ఇప్పుడు ఏ ఇంట్లోనూ మాకు టీ లేదు. ఈ ఏటి లెక్కలు పరిశోధనకి పనికిరావు, మళ్ళీ మొదలుపెట్టాలి. అయినా హాయిగానే ఉంది. దియెమ్ బీపీ దిగింది. నిన్న ఆడపిల్లని కన్నది, ఇద్దరూ క్షేమం.

నమ్ అవ్వ నిన్ను అప్పుడే అక్కయ్య అంటోంది. నువ్వొస్తే కాగు విప్పి టీ పెడుతుందట. నేను వద్దన్నాను. బిడ్డకి పాలిచ్చే తల్లికి ఆ నీళ్ళు కావాలి. నువ్వు కూడా చుట్టంలా రాకమ్మా.

ఇట్లు,
నువ్వు కన్న కూతురు,
ఖ్వే